ఆయన గొంతుకు యజమాని ఎవరు

మా ఆయన గొంతు గురించి చెప్పాలంటే ముందు జిన్నింగ్ మిల్లు మోత గురించి చెప్పాలి. చిలకలూరిపేట హైవే పక్కన, పత్తిలోంచి గింజ తీసే మిల్లులో ఆయన మేస్త్రీ. మరలన్నీ తిరుగుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అలాంటి చోట ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న కూలీని పిలవాలి. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇంటికొచ్చి "మంచినీళ్ళియ్యవే" అంటే పక్కింటావిడ చెంబు పట్టుకుని బయటికొచ్చేది. మీకు ఫోనెందుకండీ, కిటికీ తీసి మాట్లాడితే అవతల ఊరికి వినపడుతుందిగా అని నేను దెప్పేదాన్ని. మనిషి కోపిష్టి కాదు, గొంతే అంత. ముద్దుగా మాట్లాడినా పోట్లాడుతున్నట్టే ఉండేది. మా అమ్మాయి చిన్నప్పుడు బళ్ళో "మీ నాన్న రోజూ మీ అమ్మని తిడతాడా" అని అడిగారట. తిట్టడం కాదు, కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పడం అని నేను వెళ్ళి చెప్పాల్సి వచ్చింది.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. మిల్లులో పీల్చిన దూది వల్లో, కాల్చిన చుట్టల వల్లో ఎవరూ తేల్చి చెప్పలేదు. గుంటూరులో డాక్టరు స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, తప్పదు అన్నాడు. ఆ తర్వాత మెడ దగ్గర ఒక రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే ఆడుతుంది, మాట మాత్రం ఉండదు. ఆ మాట విని నేను ఏడుస్తుంటే మా ఆయన ఆస్పత్రి అదిరేలా "ఏడవమాకే, ఇంకా పోలా" అని అరిచారు. నర్సు వచ్చి మెల్లగా మాట్లాడమంది.

ఆపరేషన్‌కి ముందు ఆ డాక్టరే ఒక దారి చూపించాడు. మనిషి గొంతును రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత టైపు చేసిన మాటల్ని ఆ గొంతుతోనే పలికే సాఫ్ట్‌వేర్లు వచ్చాయట. నేనొక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ నేర్పుతాను. ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది, గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏదో కంపెనీ వాళ్ళు వాడి వాడి పారేస్తే దుకాణాల వాళ్ళు గుత్తగా తెచ్చి అమ్ముతారే, ఆ రకం. కింద ఆ కంపెనీ వాళ్ళ స్టిక్కరు ఇంకా ఊడలేదు. అది చాల్లే అనుకున్నాను.

ముందు గదిలో ఫ్యాను కట్టేసి, తలుపులేసి, ఆయన్ని కూర్చోబెట్టాను. ఆస్పత్రి వాళ్ళు చదవమని ఒక కాగితం ఇచ్చారు. అందులో మొదటి వాక్యం "ఈ రోజు వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది." ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "నా జన్మలో ఈ మాట ఎప్పుడన్నా అన్నానా? నేను చచ్చాక కూడా అనను" అన్నారు. ఎలాగో బతిమాలి చదివించాను. తర్వాత కాగితం పక్కన పడేసి సొంత మాటలు మొదలుపెట్టారు. "ఒరేయ్, ఆ మూట ఇటు లాగరా. మూడో మర ఆపండ్రా, బెల్టు జారింది. ఏమే, కాఫీ ఏదీ?" ఇవన్నీ ఎందుకండీ అంటే, "రేపు నాక్కావాల్సింది ఇయ్యేగా, వాతావరణంతో నాకేం పనే" అన్నారు. వారం పాటు మధ్యాహ్నాలు అదే పని. గొంతు బొంగురుపోతున్నా ఆపలేదు. అవన్నీ ఒక ఫోల్డర్‌లో దాచాను.

మా అమ్మాయి అప్పుడు కడుపుతో ఉంది. ఫోన్ చేసి, "నాన్నా, పేరు నువ్వేగా పెట్టేది, అది కూడా అందులో చెప్పెయ్. బారసాలకి నీ గొంతే ఉంటుంది" అంది. ఆయన కస్సుమన్నారు. "పుట్టని బిడ్డ పేరు నోట్లోంచి రాకూడదు. దిష్టి." మా వైపు అంతే. పురుడు కాకముందు ఉయ్యాల కొన్నా తిడతారు, చిన్న చొక్కా కుట్టినా తిడతారు. నేను కూడా ఫోన్ లాక్కుని, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందు బిడ్డని కనవే తల్లీ" అని నవ్వాను. ఆయనకి అందులో లోటేమీ కనపడలేదు. "నా గొంతు మిషనుకిచ్చేశాగా. పుట్టాక పేరు టైపు చేస్తే అదే చెప్పుద్ది" అన్నారు. ఆ లెక్క తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంటాను.

ఆపరేషన్ అయింది, తర్వాత రేడియేషన్, అదే కరెంటు పెట్టారు, మనిషి సగమయ్యారు. మెడ దగ్గర రంధ్రానికి అడ్డంగా మంగళగిరి నూలు గుడ్డ కడతాను. మిరపకాయల లారీలు రోడ్డు మీద పోయే రోజుల్లో ఆ గుడ్డ తడిపి కట్టాలి, లేకపోతే ఘాటు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గుతో మెలికలు తిరిగిపోతారు. ఆ దగ్గు కూడా మెడలోంచే వస్తుంది. నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. అరవలేరని తెలుసు గాని, గుసగుస కూడా ఉండదని నేననుకోలేదు. నోట్లోకి గాలే రాదు, ఇక గుసగుస దేనితో చేస్తారు? పలకా బలపం కొనిచ్చాను. దాని మీద రెండు మూడు మాటలు రాసి, నేను చదివేలోపే విసుగొచ్చి తుడిచేసేవారు. ఆ సాఫ్ట్‌వేర్ వేద్దామండీ అంటే "తర్వాత" అని రాసేవారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే పక్కింటావిడ వచ్చి, "మీరంతా ఊరెళ్ళారనుకున్నా" అంది.

ఆడపిల్ల పుట్టింది. పురుడు మా ఇంట్లోనే. బిడ్డను మొదటిసారి చేతుల్లోకి తీసుకుని, నాకిచ్చేసి, పలక తెచ్చి "మిషను పెట్టు" అని రాశారు.

మా ఇంట్లో బారసాల ఇరవై ఒకటో రోజున. తాత పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో మూడుసార్లు చెప్పాలి. అప్పటిదాకా ఆ పేరు ఇంకెవరికీ తెలియకూడదు. మా అమ్మాయికి ఇలాగే మా మామగారు చెప్పారు. తన వంతు కోసం మా ఆయన ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉన్నారో నాకు తెలుసు. పేరేంటో నాకు కూడా చెప్పలేదు.

సాఫ్ట్‌వేర్ దించాను. ఇన్‌స్టాల్ నొక్కితే తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఈ పని చేయడానికి మీకు అనుమతి లేదు, మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అని. నేను క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పే పాఠమే ఇది. అడ్మినిస్ట్రేటర్ అంటే ఇంటి పెద్ద లాంటివాడు, ఆయన్ని అడక్కుండా కొత్త సామాను లోపలికి రాదు అని చెప్తాను. మా ఇంటి పెద్ద మెడకి గుడ్డ కట్టుకుని పక్కనే కూర్చుని ఉన్నారు. డబ్బా వంక చూసి పలక మీద "ఎవడాడు?" అని రాశారు. ఏం చెప్పను? ఏ హైదరాబాదులోనో ఏ బెంగుళూరులోనో ఒక కంపెనీలో ఒకడు ఎప్పుడో ఒక పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఉద్యోగం మానేసి కూడా ఉంటాడు. వాడి పేరు తెలియదు, మొహం తెలియదు. వాడు ఊ అంటేగాని మా ఆయన మా మనవరాలిని పిలవడానికి లేదు.

తెలిసిన విద్యలన్నీ చూపించాను. కుడి బటన్ నొక్కి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపించమన్నాను, పాస్‌వర్డ్ అడిగింది. ఇంకో ఫోల్డర్‌లో పెట్టి చూశాను, అక్కడా అంతే. కొత్త ఖాతా తెరుద్దామంటే దానికీ అనుమతి లేదు. అనుమతులు మార్చుకునే చోటికి వెళ్తే, ఆ చోటు చూడటానికి కూడా అనుమతి లేదంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా. సాఫ్ట్‌వేర్ చేసినవాడు వాడుకోమన్నాడు, డాక్టరు వాడుకోమన్నాడు, ఆ డబ్బా మాత్రం కదల్లేదు. నేను లాప్‌టాప్ మూత ధడేల్మని వేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని మళ్ళీ తెరిపించారు. నా కోపం చూసి ఆయన ఓర్చుకోవడం మా కాపురంలో అదే మొదలు.

గుంటూరు వెళ్ళి అమ్మిన దుకాణంలోనే చూపించాం. "ఇది మామూలే మేడమ్. కంపెనీ సరుకు కదండీ, వాళ్ళ తాళాలు అట్టాగే ఉంటై. కొత్త విండోస్ వేస్తే ఆ పీడ వదిలిపోద్ది. మీక్కావాల్సిన ఫైళ్ళు డీ డ్రైవ్‌లోకి జరిపెయ్యండి. సీ ఒక్కటే తుడుస్తా, డీ జోలికి పోను" అన్నాడు దుకాణం అతను. నేను చెప్పినా అలాగే చెప్పేదాన్ని. ఫోల్డర్ జరిపాను. సరిగ్గా వెళ్ళిందో లేదోనని ఒకటి నొక్కి చూశాను. "ఒరేయ్, మూడో మర ఆపండ్రా, బెల్టు జారింది" అని దుకాణం మొత్తం మారుమోగింది. కౌంటరు దగ్గర నిలబడ్డ ఒకాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. మా ఆయన అద్దం తలుపు అవతల బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అక్కడికీ వినపడింది. తల ఎత్తి, కొద్దిగా సిగ్గుపడి నవ్వారు. ఆ గొంతు ఎవరైనా వినడం అదే ఆఖరు.

ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఎక్కింది. ఇప్పుడు ఆ యంత్రానికి పెద్దను నేనే. అమ్మాయి బిడ్డను చంకనేసుకుని వచ్చి వెనక నిలబడింది. గొంతు రికార్డింగులు ఎక్కడున్నాయో చూపించమంది సాఫ్ట్‌వేర్. చూపించాను. వీటిని తెరవడానికి మీకు అనుమతి లేదు అంది.

మొదట నాకు భయం వెయ్యలేదు. ఇది నాకు తెలిసిన జబ్బే. విండోస్ మార్చితే పాత ఫైళ్ళు పాత యజమాని పేరు మీదే ఉండిపోతాయి, మనం యజమానిని మార్చుకోవాలి. లోపలికి వెళ్ళి ఎవరి పేరుందో చూశాను. పేరు లేదు. 'తెలియని ఖాతా' అని ఉంది, పక్కన ఒక పొడుగాటి అంకెల తోక. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన గొంతుకి యజమాని ఆ అంకె. సరే, మార్చుదాం అని నా పేరు పెట్టాను. లోపలి ఫైళ్ళన్నిటికీ వర్తించాలని టిక్కు పెట్టాను. ఒక్కో ఫైలు పేరూ తెర మీద పరుగెత్తుతూ పోయింది. అనుమతుల గళ్ళన్నిటిలోనూ టిక్కులు పడ్డాయి. చదవొచ్చు, రాయొచ్చు, మార్చొచ్చు, సర్వాధికారాలూ నావే. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. మెడ గుడ్డ సరిచేసుకున్నారు, ఎవరో పెద్దమనిషి ముందు మాట్లాడబోతున్నట్టు. నేను ఫైలు నొక్కాను.

అనుమతి లేదు.

ఇంకోటి నొక్కాను. ఇంకోటి. అన్నీ అంతే. అప్పుడు గమనించాను, ఫైళ్ళ పేర్లన్నీ ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. పాత విండోస్‌లో ఎప్పుడైనా అలా ఉండేవేమో, నేను పట్టించుకోలేదు. దుకాణానికి ఫోన్ చేశాను. పచ్చగా ఉన్నాయనగానే అవతల అతనికి సంగతి అర్థమైంది. అప్పుడు చెప్పాడు. ఆ కంపెనీ వాళ్ళు తమ యంత్రాల్లో దాచే ప్రతి ఫైలుకీ దానంతటదే తాళం పడేలా ఎప్పుడో కట్టడి చేసి పెట్టారట. తాళం చెవి పాత విండోస్‌లో ఉండేది, అందుకే అందులో ఉన్నంతకాలం తాళం ఉన్నట్టే తెలియలేదు. "అనుమతి వేరు, తాళం చెవి వేరు మేడమ్. ఇల్లు మీ పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయింది. తాళం చెవి మాత్రం పాత విండోస్‌తో పాటు తుడిచేశాం. అది ముందే బయటికి తీసి దాచుకుని ఉంటే వచ్చేదండీ." చేతులు కాలాక ఆకుల సంగతి చెప్తున్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం ఎదురు చెప్పలేదు, "నాకూ తెలియదు మేడమ్, ఎవరి తాళం ఎక్కడుందో మాకేం తెలుసుద్ది" అన్నాడు. అల్లుడు తనకి తెలిసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడిగాడు. వాళ్ళూ మాటలు మార్చి అదే చెప్పారు. తెరవడం కుదరదు. ఎన్నాళ్ళకైనా కుదరదు.

ఇక ఆ గొంతు ఇంకెక్కడైనా ఉందేమోనని వెతుకులాట. ఆయనది బటన్ల ఫోను, అందులో ఏమీ దాచుకోరు. అమ్మాయి పెళ్ళి వీడియో పెట్టి చూశాం. ఆయన పందిట్లో తిరుగుతూ నోరు తెరిచి అరుస్తూనే ఉన్నారు, వీడియో తీసినవాడు మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేసిపెట్టాడు. కాళ్ళు కడిగేటప్పుడూ పాటే, అప్పగింతలప్పుడూ పాటే. అమ్మాయి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టి ఆయన ఏదో అన్నారు, ఏమన్నారో నాకూ గుర్తులేదు, అమ్మాయికీ గుర్తులేదు. మిల్లులో కెమెరాలున్నాయిగాని వాటికి మాట పట్టే గుణం లేదు. ఉన్నా మర మోత తప్ప ఏం వినపడుతుంది. ఊరంతా విన్న గొంతు అది. ఎప్పుడూ ఉంటుందనుకున్నదాన్ని ఎవరు దాచుకుంటారు?

సాఫ్ట్‌వేర్ మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. మీ గొంతు లేకపోతే మా గొంతు వాడుకోండి అని ఒక ఆడపిల్ల గొంతు ఇచ్చింది. విమానాశ్రయంలో ప్రకటనలు చేసే గొంతులాంటిది. దానికేం తక్కువ అనుకుని, ఆయన్ని ఒప్పిద్దామని "నేను మీ తాతని" అని టైపు చేసి వినిపించాను. తాతలో ఒత్తు లేని చోట ఒత్తు పెట్టి పలికింది. ఆయన పలక తీసుకుని "ఆపెయ్" అని రాశారు. తుడిచి, "అదెవతో" అని రాశారు.

"ఎవతైతే ఏమండీ, పేరు చెవిన పడాలి గదా! మీ పంతం మీదేనా?" అని నేను అరిచాను. ఇంట్లో అరిచే మనిషిని ఇప్పుడు నేనే. ఆయన బలపం తీసుకుని "నా మనవరాలికి పరాయిదాని గొంతా" అని రాసి పలక నాకిచ్చేశారు. దాన్ని తుడవడానికి నాకు చెయ్యి రాలేదు, దేవుడి గూట్లో పెట్టాను.

ఆ ఫోల్డర్ డీ డ్రైవ్‌లో ఇప్పటికీ ఉంది. పచ్చని పేర్లతో అలాగే ఉంది. యజమాని అన్నచోట నా పేరుంది.

బారసాల రోజు ముందు గది నిండా చుట్టాలు. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, తల కింద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆయన పట్టుపంచె కట్టుకున్నారు, మెడకి కొత్త గుడ్డ కట్టాను. పళ్ళెంలో బియ్యం పరిచి, ఉంగరంతో నిదానంగా పేరు రాశారు. నేను అప్పుడే చదివాను. మంచి పేరు. ఆ పేరు ఇక్కడ రాయను.

చెవిలో చెప్పే ఘట్టం వచ్చింది. ఏం చేస్తారో నాకూ తెలియదు. ఆయన వంగి, బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, పెదవులు కదిపారు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఊపిరి మెడ గుడ్డలోంచి వచ్చి నా మణికట్టు మీద పడింది. బిడ్డ చెవి మీద వెంట్రుక కూడా కదల్లేదు.

చెవిలో చెప్పేది ఎప్పుడూ గుసగుసగానే చెప్తారు, పక్కవాళ్ళకి వినపడదు. గొంతు పోయినా గుసగుస మిగిలే ఉంటుందని అందరూ అనుకున్నారు, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. "అయిపోయింది, అయిపోయింది, అక్షింతలు వెయ్యండి" అన్నారు పెద్దవాళ్ళు. మా మీద అక్షింతలు పడ్డాయి. ఎవరో సన్నాయి పాట పెట్టారు. మా అమ్మాయి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది, వాళ్ళ నాన్న తన బిడ్డకి పేరు చెప్పారని. చెప్పలేదని తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే.

ఆయన లేవలేదు. నా వంక చూసి, నా మోకాలి మీద వేలితో తట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. బిడ్డను ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి, ఆ చెవిలోనే పేరు చెప్పాను. ఆయన తల నా నోటికి ఆనించి పెట్టారు. నెలల తరబడి మనసులో దాచుకున్న ఆ పేరు ఎలా ఉంటుందో ఆయన కూడా అప్పుడే విన్నారు.

విని, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించారు.